మాటైనా కలవని మనిషి మీద అంత ఇష్టం ఎలా పుడుతుంది?

ఒడిశాలోని గుణుపురం నుంచి పర్లాకిమిడికి రోజూ మీరెక్కే బండిలోనే వచ్చే అబ్బాయితో ఒక్క మాటైనా కలవలేదు, అయినా ధ్యాసంతా అతని మీదే. ఇది ప్రేమా, కామమా అని అడిగారు.

సగం పని ఆ బండే చేసింది. పదేపదే కనిపించేది నచ్చడం మొదలవుతుందని 1968లో మనస్తత్వవేత్త రాబర్ట్ జయాన్స్ చూపించాడు. 1992లో మోర్లాండ్, బీచ్ అనే ఇద్దరు అమెరికాలో ఇంకో ప్రయోగం చేశారు. ముగ్గురు అమ్మాయిలు ఒక కాలేజీ క్లాసుకి 5, 10, 15 సార్లు వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వచ్చేశారు. నాలుగో అమ్మాయి అసలు వెళ్లలేదు. చివర్లో ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినవాళ్లే ఎక్కువ నచ్చారు. తమాషా ఏంటంటే, వాళ్ల ముఖాలు తెలిసినవన్న స్పృహ విద్యార్థులకి పెద్దగా లేదు.

మిగతా సగం మీ ఊహ. అతను ఇంట్లో తెలుగు మాట్లాడతాడో ఒడియానో కూడా మీకు తెలియదు. తెలియనివన్నీ మీకు నచ్చినట్టే నింపేసుకుంటున్నారు.

కామం, ఆకర్షణ, అనుబంధం మూడూ వేర్వేరు వ్యవస్థలని మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ వాదన. కామానికి ఫలానా మనిషే కావాలని ఉండదు. మీకు అతనే కావాలి కాబట్టి, నా లెక్కలో మీది ఆకర్షణ. దాని ముదిరిన రూపాన్ని మనస్తత్వవేత్త డొరతీ టెన్నొవ్ తన 1979 పుస్తకంలో లిమరెన్స్ అంది. ఆశ, అనుమానం కలిసి దాన్ని పెంచుతాయంది. ‘నన్ను చూశాడా, లేదా’ అన్న గుంజాటన అదే.

రేపు ‘బండి లేటా అండీ’ అని అడిగి చూడండి. మాట కలిస్తే ఊహకి పని తగ్గుతుంది.