నాన్న గురించి నాలుగు మాటలు చెప్పాలంటే, ఆయన పని గురించి చెప్పండి

మీ నాన్నగారు వడ్రంగం చేసేవారని, దైవభక్తి ఎక్కువని, ఇల్లే లోకంగా బతికారని రాశారు. సంవత్సరీకం నాడు అందరి ముందూ మాట్లాడమంటే "చాలా మంచివారు" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నానన్నారు. మా నాన్న సంవత్సరీకానికి నేనూ మాట్లాడాను కాబట్టి చెబుతున్నా. ఆయన పని ఎలా చేసేవారో విడమరిచి చెప్పండి. భక్తీ, మీమీద ప్రేమా అందులోనే వచ్చేస్తాయి.

మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. నాన్న వీణలు చేసేవారు. మా ఊరి వీణ ఏకాండి: కుండ (గుండ్రటి బోలు భాగం), దండి (పొడవాటి మెడ) ఒకే పనస దుంగలోంచి తీస్తారు, మధ్యలో అతుకుండదు. కుండ లోపల ఉలితో తొలుస్తూ, మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. మొద్దుగా పలికిన చోట ఇంకొంచెం చెక్కేవారు. నేను పక్కన కూర్చుని "అయిపోయిందా?" అనడిగితే, "కర్రకి తొందరేటమ్మీ? అది పలికినప్పుడే మనం ఇనాల" అనేవారు.

దుంగ మీద మొదటి బాడిస దెబ్బ వేసే ముందు పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకునేవారు. భీష్మ ఏకాదశికి రామతీర్థం కళ్యాణానికి ఇంటిల్లిపాదినీ బస్సెక్కించేవారు. బొబ్బిలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళకుండా పండగ గడిచేది కాదు. అయినా ఆయన భక్తి ఎలాంటిదో నాకు తెలిసింది గుళ్ళో కాదు, మేళం కట్టేటప్పుడు, అంటే తీగల కింద స్వరాల మెట్లు అమర్చేటప్పుడు.

తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్దను దండికి అటూ ఇటూ గట్టులా పెట్టి, దాని మీద 24 మెట్లు ఒక్కొక్కటిగా నిలపాలి. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. దానికి నిశ్శబ్దం కావాలి. ఇంటినిండా పిల్లలం, ఒకటే గోల. ఒక్కరోజు కూడా "నోరు ముయ్యండి" అన్న మనిషి కాదు. మేము లేవకముందే, తెల్లవారుజామున స్నానం చేసి, దీపం పెట్టుకుని ఆ పనికి కూర్చునేవారు. నాకు మెలకువ వస్తే పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. తీగ మీటి, మెట్టు కొద్దిగా జరిపి, మళ్ళీ మీటి నా మొహంలోకి చూసేవారు. నేను తలూపితేనే మైనం నొక్కేవారు. తప్పో ఒప్పో ఆయనకి తెలియక కాదు. నాకు చెవి అలవాటు కావాలని.

సంవత్సరీకంలో నేను చెప్పింది ఈ ఒక్క సంగతే. మా పెద్దమ్మకి అప్పటిదాకా తెలియదట, ఆ వీధిలో అందరికంటే ముందు మా ఇంట్లో దీపం ఎందుకు వెలిగేదో.

మీకు తెలియని సగం బయటివాళ్ళ దగ్గర ఉంటుంది, వెళ్ళి అడగండి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఒకావిడ మా నాన్న దగ్గర వీణ బాగు చేయించుకున్నారట. బిరడాలు (తీగలు బిగించే మరలు) బిగించి ఇచ్చి, డబ్బులిస్తే "ముందు వాయించి చూడమ్మా, నచ్చితే ఇద్దువు" అన్నారట. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలకి కూడా ఆయన అంతే నునుపుగా చిత్రిక పట్టేవారని చెప్పింది ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. వాటిని ఎవరూ వాయించరు, అయినా సరే. చిన్న వీణలంటే చులకనగా మాట్లాడేవాళ్ళున్నారు గానీ, ఇవాళ మా ఊళ్ళో చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది వాటివల్లే.

మీ నాన్నగారు చేసిన తలుపులు, మంచాలు ఏ ఏ ఇళ్ళలో ఉన్నాయో కనుక్కుని, ఒకటి రెండు ఇళ్ళకైనా వెళ్ళి రండి. దేవుడి మందసం ఏదైనా చేసి ఉంటే అది తప్పకుండా చూడండి. ఆయన పనిముట్ల పేర్లు, ఏది దేనికి వాడేవారో మీ అన్నయ్యని అడిగి రాసుకోండి. అమ్మగారు ఉన్నారన్నారు కదా, అన్నిటికంటే ముందు ఆవిడ దగ్గర ఓ పూట కూర్చోండి. ఆవిడ చెప్పేది మధ్యలో ఆపకుండా ఫోన్‌లో రికార్డు చేసుకోండి.