సంస్మరణ సభ పెడుతున్న నీకు

కడప

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

పెద్ద హెడ్మాస్టరు గారి సంస్మరణ సభ పని నీ నెత్తిన పడిందట. ఏం చేయించమంటారు సార్ అని ఫోన్ చేశావు. ఫోన్లో ఇంత చెప్పడం నా వల్ల కాదు, అందుకే జాబు రాస్తున్నా.

కార్డులు అచ్చేయించకముందే వాళ్ళింటికి పోయిరా. అమ్మగారిని అడిగి తేదీ పెట్టుకో. పాత గ్రూప్ ఫోటో ఏదైనా ఉంటే అక్కడే దొరుకుతుంది. వాట్సాప్‌లో తిరిగే ఫోటోను ఫ్లెక్సీకి పెద్దది చేయిస్తే మనిషి మొహం అలికినట్టు వస్తుంది. ఆయన బడిలో చేరిన ఏడూ రిటైరైన ఏడూ ఎవరి నోటి మాటా నమ్మకుండా ఆఫీసు రికార్డులో చూసి రాసుకో.

ఇక ప్రసంగాలు. నీకు అసలు తిప్పలు ఇక్కడే. ఒకసారి ఒక బడిలో ఇలాంటి సభకే పోయాను, ఊరి పేరు వద్దులే. వచ్చినవాళ్ళందరూ 'అజాతశత్రువు', 'విద్యాదాత', 'తీరని లోటు' అని దంచుతా పోయారు. ఆ మాటలు ఎవరికి అతికించినా అతుకుతాయి. గంటన్నర గడిచినా పోయిన మనిషి ఎట్లా నడిచేవాడో, క్లాసులో ఏ మాట పదేపదే అనేవాడో ఎవరూ చెప్పలేదు. పిల్లలు ఎండలో కూర్చుని మట్టిలో గీతలు గీసుకున్నారు. ఆయన భార్య వెనక వరుసలో ఉంది. వేదిక మీద ఉన్నవాళ్ళలో సగం మంది ఆయనను చూసినవాళ్ళే కాదు.

అందుకే మాట్లాడేవాళ్ళకు ముందే చెప్పిపెట్టు: నాలుగు నిమిషాలు, కంటితో చూసిన ఒక్క సంగతి. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి పిల్లలను తీసుకుపోతాం కదా. బ్రౌన్ దొర తెలుగుకు మహా సేవ చేశాడని చెబితే ఆవులిస్తారు. 1820లో ఉద్యోగం మీద ఈ ఊరికొచ్చిన తెల్లవాడు తన జీతం డబ్బులతో పండితులను పెట్టుకుని, వేమన పద్యాలున్న తాటాకులు వెతికించి, 1829లో అచ్చేయించాడని చెప్పు, "ఆయనకేం పని సార్?" అని వాళ్ళే అడుగుతారు. కవి పుట్టపర్తి నారాయణాచార్యుల వారి సంగతీ అంతే. సరస్వతీపుత్రుడు అని బిరుదు చెప్పి ఊరుకుంటే ఏముంది? మన కడపలోనే ఒక హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పిన ఆ మనిషికి, చిన్నప్పుడు తాను రాసిన కావ్యమే విద్వాన్ పరీక్షలో పాఠ్యపుస్తకంగా ఎదురైంది. పరీక్షలంటే వణికే పిల్లలు ఆ మాటకు తల ఎత్తకపోతే నన్నడుగు.

మన హెడ్మాస్టరు గారికి కోపం ఎక్కువ. అది దాచొద్దు. సుద్దముక్క గురిచూసి విసిరేవాడని ఒకరు చెప్పి నవ్వించాలి. ఆయన చేత దెబ్బలు తిన్నవాళ్ళే ఆ రోజు ముందుగా వచ్చేది. మధ్యాహ్నం క్యారియర్ విప్పి హాస్టల్ పిల్లలతో పంచుకునేవాడని అటెండరుకే తెలుసు. మైకు ముందుకు రమ్మంటే ఆయన సిగ్గుపడతాడు. పక్కన నువ్వు నిలబడి అడుగుతా ఉంటే చెబుతాడు.

విగ్రహం పెడదామని ఎవరో ఒకరు లేస్తారు. చందాలు పోగయ్యేలోగా పూనకం దిగిపోతుంది, దిమ్మె మాత్రం మిగులుతుంది. పదో తరగతిలో తెలుగుకు బహుమతి పెట్టండి. అసలు సొమ్మును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి వడ్డీ మాత్రమే వాడండి. చేతి డబ్బుతో మొదలుపెట్టిన బహుమతులు రెండేళ్ళకే ఆగిపోవడం చాలాచోట్ల చూశా. ఖాతా మాత్రం ఒక మనిషి పేరు మీద వద్దు, బడి పేరు మీదే తెరవండి.

పూలదండలు తగ్గించి షామియానా పెద్దది వేయించు.

నన్ను వేదిక మీదికి పిలవొద్దు, వినడానికే వస్తా. వంటమ్మకు ముందు వరుసలో కుర్చీ వేయించి, దాని పక్కది నాకు ఉంచు. మోకాళ్ళు పనిచేయడం లేదు, మెట్ల దగ్గర ఒక పిల్లోణ్ణి నిలబెట్టు.

నీ తెలుగు సారు