చంద్రుడి మీద స్థావరాలు కడితే దేశాలు నేల కోసం కొట్టుకుంటాయా?

తగాదాలు రావచ్చు గానీ, అవి సరిహద్దు యుద్ధాలుగా కంటే మంచి చోటు, నీటి మంచు ఎవరు వాడుకోవాలన్న పేచీలుగా వచ్చే అవకాశమే ఎక్కువ.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి గానీ, గ్రహాలను గానీ ఏ దేశమూ తనదని చెప్పుకోకూడదు. భారత్, అమెరికా, రష్యా, చైనా నాలుగూ అందులో ఉన్నాయి. చిక్కంతా తవ్వి తీసిన సరుకు దగ్గరే. అది ఎవరిదో ఒప్పందం తేల్చి చెప్పలేదు. తమ పౌరులు, కంపెనీలు తవ్వుకున్నది వాళ్లదేనని అమెరికా 2015లో చట్టం చేసుకుంది. పైగా దక్షిణ ధ్రువం దగ్గర శాశ్వత నీడలో మంచు, పక్కనే ఎక్కువకాలం ఎండ తగిలే మిట్ట, రెండూ కలిసొచ్చే చోట్లు కొన్నే.

కోనసీమనే చూడండి. ఎవరి పొలం ఏదో అందరికీ తెలుసు (గట్టు తగాదాలు వేరే సంగతి!). అయినా దాళ్వాలో కాలువ నీరు తగ్గిందంటే తూము దగ్గర ఎగువ రైతులకూ శివారు రైతులకూ మాటామాటా పెరుగుతుంది. చంద్రుడి మీద టెన్షన్ కూడా ఇలాంటిదే.

జెండా పాతితే నేల సొంతమవుతుందని చాలామంది అనుకుంటారు. 1969లో అపోలో 11 జెండా పాతినా అక్కడి నేల అమెరికాది కాలేదు. చంద్రయాన్-3 దిగిన చోటికి శివశక్తి అని పేరు పెట్టినా అది మనదీ కాదు. ఇక ఆన్‌లైన్‌లో అమ్మే చంద్రుడి ప్లాట్ల పట్టాలంటారా, ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప పనికిరావు.