‘ప్లాస్మా పూత’ అనవచ్చునా?

సందేహం: కణాలను పెంచే ప్లాస్టిక్ పెట్రీ డిష్‌లకు ప్లాస్మా (అయాన్లుగా విడిన వాయువు) సాయంతో పలుచని పాలిమర్ పొర వేయడం గురించి విద్యార్థుల కోసం వ్యాసం రాస్తున్నాను. దీనిని ‘ప్లాస్మా పూత’ అనవచ్చునా? దానిపై కణాలు నిలవడాన్ని ‘సంసంజనం’ అనాలా, ‘అంటుకోవడం’ అనాలా?
– ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు, విజయనగరం

సమాధానం: వ్యాకరణం ‘ప్లాస్మా పూత’ను కాదనదు. పొందూరు చేనేత అన్నప్పుడు చేతితో నేసినదని గ్రహించినట్లే, దీనికీ ప్లాస్మాతో వేసిన పూత అని తృతీయా తత్పురుషంగా విగ్రహం చెప్పుకోవచ్చు. చిక్కంతా వాడుకతోనే. బుడితి ఇత్తడి గిన్నెకు కళాయి పూత వేశారంటే గిన్నెపై నిలిచేది కళాయే. బంగారు పూత అంటే పైనున్నది బంగారమే. ‘పూత’కు ముందు వచ్చే పేరు పూసిన పదార్థానిదని మన చెవికి అలవాటు. ఇక్కడ ప్లాస్మా డిష్‌పై మిగలదు. గాలిని చాలావరకు తీసివేసిన గదిలోకి ఆక్రిలిక్ ఆమ్లం, అల్లైలమీన్ వంటి రసాయనాల ఆవిరిని పంపి, సాధారణంగా 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల శక్తితో అయనీకరిస్తే, ముక్కలైన అణువులు మళ్లీ కలిసి నానోమీటర్లలో కొలిచే పొరగా పేరుకొంటాయి. విద్యుత్తు ఆపగానే ప్లాస్మా ఆరిపోతుంది, పాలిమర్ ఉండిపోతుంది. పైగా మీ విద్యార్థులకు ప్లాస్మా అనగానే రక్తంలోని ద్రవమే తోస్తుంది. 1928లో అమెరికన్ శాస్త్రవేత్త లాంగ్‌ముయిర్ అయనీకృత వాయువుకు ఆ పేరు పెట్టేనాటికే అది శరీరశాస్త్రంలో స్థిరపడి ఉంది. కనుక మొదటిసారి ‘ప్లాస్మా పద్ధతిలో వేసిన పాలిమర్ పూత’ అని రాసి, తరువాత ‘పాలిమర్ పూత’ అంటే చాలు.

‘సంసంజనం’ ఇక్కడ పొసగదు. ఒకే పదార్థపు అణువుల పరస్పరాకర్షణకు భౌతికశాస్త్రం ఆ మాటను కేటాయించింది. వేర్వేరు పదార్థాల మధ్యనైతే అది ఆసంజనం. (దీనిని హ్రస్వంతో ‘అసంజనం’ అని అచ్చువేయడం కనిపిస్తుంది. అలా రాస్తే అంటకపోవడమనే అర్థం స్ఫురిస్తుంది గదా!)

‘అంటుకోవడం’ తప్పు కాదు గాని, ఎవరికి వాడాలో చూడాలి. పోషక ద్రవంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు ముందుగా పూతపై చేరతాయి. కణం తన పైపొరలోని ఇంటెగ్రిన్లనే గ్రాహకాలతో ఆ ప్రోటీన్లను పట్టుకొని, చదునుగా పరచుకొని, ఆపైన విభజన చెందుతుంది. ప్రోటీనుది ఊరక చేరడం, కణానిది జీవమున్న చర్య. అందుచేత ప్రోటీన్లకు ‘అంటుకొను’, కణాలకు ‘పట్టుకొను’ వాడితే తెలుగు క్రియలే ఆ తేడాను చెబుతాయి: ‘పాలిమర్ పూతకు అంటుకొన్న ప్రోటీన్లను కణాలు పట్టుకొంటాయి.’ ఆ తరువాతి వాక్యంలో ‘పెరుగుతాయి’ అని వదలక, ‘విభజన చెంది సంఖ్యలో పెరుగుతాయి’ అని రాయండి. లేకుంటే కణమే లావెక్కుతుందని అనుకొనే ప్రమాదముంది.