టీసీ చేతికొచ్చేలోగా

చిట్టితల్లికి,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "పెద తాతయ్యా, ట్రిపుల్ ఐటీలో సీటు రాకపోతే నేనేం చెయ్యాలి?" అన్నావు. వెనక నుంచి మీ నాన్న "ముందు చదవవే, అవన్నీ తర్వాత చూద్దాం" అంటున్నాడు. వాడి మాటలో తప్పు లేదు. కానీ ఆ "తర్వాత చూద్దాం" అంటేనే నాకు భయం. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూలు ఆఫీసులో గుమస్తాగా పనిచేశాను. ఏటా వేసవిలో పది పాసైన పిల్లలు కిటికీ ముందు నిలబడేవాళ్లు. టీసీ రాస్తూ "ఏ కాలేజీరా?" అని అడిగితే సగం మంది చెప్పేది ఒకటే: "తెలీదు సార్, మా మావయ్య ఎక్కడ చెప్తే అక్కడ."

అందుకే ఇప్పుడే రాస్తున్నాను. పరీక్షలు మార్చిలో. ఇంకా టైముంది కాబట్టి టెన్షన్ లేకుండా ఆలోచించుకోవచ్చు. రిజల్ట్ వచ్చాక ఇంట్లో అందరూ మాట్లాడతారు, నీ మాట వినపడదు.

ముందు కాగితాల సంగతి. గుమస్తాని కదా, ఇంకేం గుర్తొస్తుంది అని నవ్వుకోకు. పబ్లిక్ పరీక్షకి మీ వివరాలన్నీ ఈ రోజుల్లోనే స్కూలు నుంచి బోర్డుకి వెళతాయి. దాన్ని నామినల్ రోల్ అంటాం. మీ హెడ్మాస్టరు గారు ఆ ప్రింటు చూపించి సంతకం పెట్టమన్నప్పుడు, పక్కనున్న అమ్మాయితో కబుర్లు చెబుతూ పెట్టేయకు. నీ పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, అమ్మ పేరు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం వేలు పెట్టి చదువు. ఆధార్‌లో ఎలా ఉందో ఇందులోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే చెప్పు. పుట్టినతేదీ మరీ ముఖ్యం. రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పదో తరగతి మెమో మీదున్న తేదీనే చూస్తారు. మా కాలంలో తల్లిదండ్రులకి తేదీ తెలియకపోతే అయ్యవారు జూన్ ఒకటి అని వేసేసేవారు. మా బ్యాచ్‌లో సగం మందికి ఒకే రోజు పుట్టినరోజు!

ఒక తప్పు నా చేత్తో నేనే చేశాను. ఒకబ్బాయి ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ రాశాను. అడ్మిషన్ రిజిస్టరులో సరిగ్గానే ఉంది, నేనే ఎత్తిరాసేటప్పుడు పొరబడ్డాను. వాడూ చూసుకోలేదు, వాళ్ల నాన్నకి చదువు రాదు. ఆరేళ్ల తర్వాత గల్ఫ్ వెళ్లడానికి పాస్‌పోర్టుకి పెడితే ఆగిపోయింది. స్కూలు నుంచి డీఈవో ఆఫీసుకి, అక్కడి నుంచి బోర్డుకి కాగితం నడవాలి. నడిచింది, నెలల తరబడి. ఈలోగా వాడిని పిలిచిన ఏజెంటు వేరే వాడిని పంపేశాడు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరు రాసిందే కదా సార్, కరెక్టే అనుకున్నాను" అన్నాడు. తిడితే బాగుండేది.

పుట్టుమచ్చలు కూడా చూసుకో. రెండు రాస్తారు. రాసేది ఒంటిమీద నిజంగా ఉన్నవేనా, తోచినవా అన్నది మా ఆఫీసులో పాత జోకు. నీకు ఎడమ చెంప మీద ఒకటుంది, రెండోది ఎక్కడో మీ అమ్మని అడుగు.

పదిహేనేళ్లు నిండాయి కదా, ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్లీ తీయించుకోవాలి. ఐదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి అది తప్పనిసరి. తీయించకపోతే స్కాలర్‌షిప్‌కి వేలిముద్ర వేసినప్పుడు మెషీను నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో ఇప్పుడే పెట్టుకోండి. వేసవిలో అక్కడ క్యూ ఎలా ఉంటుందో మీ నాన్నకి తెలుసు. నువ్వు ఐదు, ఆరు తరగతులు హైదరాబాదులో చదివావు. ఆ స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఏడు నుంచి ఇక్కడే చదివావు కాబట్టి లోకల్ విషయంలో ఇబ్బంది ఉండకూడదు. కానీ కౌన్సెలింగ్‌లో కూర్చున్నవాడు "ఉండకూడదు" అంటే ఒప్పుకోడు, కాగితం చూపించమంటాడు. మీ నాన్న ఈసారి పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ పని కూడా చూసుకు రమ్మను.

ఇంకొకటి. అప్లికేషన్లన్నీ నెట్ సెంటర్లోనే పెడతారు కదా. అక్కడి కుర్రాడు గబగబా తన ఫోన్ నంబరో, తన మెయిలో కొట్టేస్తాడు. తర్వాత ఓటీపీ వాడికి వెళుతుంది, వాడు షాపు కట్టేసి పెళ్లికి పోతాడు. నీ అప్లికేషన్లో మీ నాన్న నంబరే ఉండాలి. పాస్‌వర్డు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకో.

ఇక నువ్వడిగిన ట్రిపుల్ ఐటీ. నూజివీడు మనకి దగ్గర కాబట్టి మన ఊళ్లో అందరికీ అదొక్కటే కనపడుతుంది గానీ ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం కూడా ఉన్నాయి. పరీక్ష ఉండదు, పది మార్కుల మీదే తీసుకుంటారు. ప్రభుత్వ స్కూల్లో చదివిన పిల్లలకి వచ్చిన మార్కుల మీద 4 శాతం కలుపుతారు, అది నీకు లాభం. మొదటి రెండేళ్లు పీయూసీ, అంటే ఇంటర్ లాంటిదే, తర్వాత నాలుగేళ్లు బీటెక్. 2008లో పెట్టినప్పటి నుంచి మన స్కూలు పిల్లలు వెళుతూనే ఉన్నారు. బాగుపడ్డవాళ్లే ఎక్కువ. కానీ అది పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి ఆరేళ్లు హాస్టల్లో ఉండటం. నువ్వు మీ అమ్మమ్మగారింట్లో నాలుగు రోజులుంటే ఐదో రోజు ఏడుపు మొహం పెడతావు. అలవాటవుతుంది, కాదనను. అప్లికేషన్ తప్పకుండా పెట్టు. మీ నాన్న నిన్ను ఒక ఆదివారం బండి మీద నూజివీడు తీసుకెళ్తే, అక్కడ చదివే పిల్లలతో నువ్వే నేరుగా మాట్లాడొచ్చు. భోజనం ఎలా ఉందని అడగకు, ఎవరైనా బాలేదనే చెప్తారు. మొదటి సెమిస్టరులో ఏ సబ్జెక్టు ఇబ్బంది పెట్టింది, అప్పుడు ఎవరిని అడిగారు అని అడుగు.

సీటు రాకపోతే? దానికే వస్తున్నా. పోయిన వేసవిలో మా ఇంటికొచ్చినప్పుడు టేబుల్ ఫ్యాను తిరగట్లేదు. నేను మెకానిక్కుకి ఫోన్ చేసేలోపు నువ్వు స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నావు. వెనక మూత తీశావు, స్విచ్చాఫ్ చేసి ప్లగ్గు పీకావో లేదో రెండుసార్లు చూసుకున్నావు. "కండెన్సర్ పోయుంటుంది తాతయ్యా" అని దాన్ని ఊడదీసి, తీగలు ఎక్కడివక్కడ గుర్తుండేలా చాక్‌పీసుతో గుర్తులు పెట్టి, నన్నే షాపుకి పంపావు. నలభై రూపాయలో యాభై రూపాయలో పెట్టి తెచ్చాను. ఆ ఫ్యాను ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే నా కాగితాలు ఎగరగొడుతోంది.

కండెన్సర్ మార్చడం పెద్ద విషయం కాదు, ఎవరైనా నేర్చుకుంటారు. తీగలకి గుర్తులు పెట్టావే, అది చూశాను నేను. అందుకే అంటున్నా, పాలిసెట్ రాయి, అదే పాలిటెక్నిక్‌లో చేరడానికి పెట్టే పరీక్ష. ట్రిపుల్ ఐటీకి సీటు వచ్చినా రాకపోయినా రాయి. 120 మార్కులు: లెక్కలకి 50, ఫిజిక్సుకి 40, కెమిస్ట్రీకి 30. అంతా పదో తరగతి సిలబస్సే, పబ్లిక్ పరీక్షకి చదివిందే చాలావరకు పనికొస్తుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ మూడేళ్లు. అందులో ఆరు నెలలు కంపెనీలోనో ప్లాంటులోనో ట్రైనింగు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. అంటే ఇంటర్ చదివి వచ్చినవాళ్లూ నువ్వూ ఒకే ఏడు ఇంజనీరింగు పూర్తి చేస్తారు, నీకు లెక్కకి మొత్తం ఆరేళ్లు, వాళ్లకీ ఆరేళ్లే. తేడా ఏమిటంటే మధ్యలో ఆగాల్సి వచ్చినా నీ చేతిలో డిప్లొమా ఉంటుంది. రైల్వేలో జూనియర్ ఇంజనీరు పోస్టుకి అది చాలు. ఆడపిల్లలకి ఏఐసీటీఈ (దేశమంతా సాంకేతిక విద్యని చూసే సంస్థ) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ అని ఒకటుంది, ఏడాదికి 50,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకే. ఇది మన ఊళ్లో చాలామందికి తెలియదు.

"డిప్లొమానా? మార్కులు రాలేదా పాపం?" అంటారు మన చుట్టాలు. నాకిది వింటే ఒళ్లు మండుతుంది. ఆ మాటన్నవాళ్ల ఇంట్లో మోటారు కాలిపోతే ఎవరిని పిలుస్తారో ఒకసారి అడిగి చూడు. పోనీ, నువ్వు అడగొద్దు, పెద్దవాళ్లని అలా అనకూడదు. నేనడుగుతాను.

ఒక్క ఇబ్బంది మాత్రం చెప్పాలి. పాలిటెక్నిక్ మొదటి ఏడాది లెక్కలు గట్టిగా ఉంటాయి, పాఠాలన్నీ ఇంగ్లీషులో. మన పిల్లల్లో చాలామంది అక్కడే బ్యాక్‌లాగులు పెట్టుకుంటారు. పరీక్షలైన తర్వాత వచ్చే ఖాళీలో త్రికోణమితి పాఠం మళ్లీ తిరగేయి. సెలవులన్నీ రీల్స్‌కి ఇవ్వకు.

ఇంటర్ అయితే, ఎంపీసీ. నీకు బయాలజీ మీద అంత ఇష్టం లేదని నువ్వే చెప్పావు. లెక్కలూ బయాలజీ రెండూ కావాలనుకునేవాళ్లకి మన రాష్ట్రంలో 2025-26 నుంచి ఎంబైపీసీ కూడా వచ్చింది, నీకు అనవసరం. సీఈసీ అంటే ఏదీ రానివాళ్ల గ్రూపని అనుకునేవాళ్లని పట్టించుకోకు, చార్టర్డ్ అకౌంటెంట్లు ఎక్కడి నుంచి వస్తారనుకున్నారు. మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం భోజనం కూడా పెడుతున్నారు. వెళ్లి లెక్చరర్లు ఎంతమంది ఉన్నారో చూడు. లెక్కలకి, ఫిజిక్సుకి పర్మనెంటు లెక్చరరు ఉంటే చాలు, బిల్డింగు ఎలా ఉన్నా పర్వాలేదు.

మీ బాబాయి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. వాడు పది పాసైనప్పుడు మంచి మార్కులొచ్చాయి. ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో మూడు రోజులు మా అరుగు మీదే కూర్చున్నాడు. "మీ అబ్బాయికి ఫీజులో సగం తగ్గిస్తాం సార్, ఈ రోజే చేరిపించాలి" అన్నాడు. ఈ రోజే అన్నవాడిని నమ్మకూడదని నాకు తెలుసు. పిల్లలకి టీసీలు రాసే నేనే, నా కొడుకు టీసీ, మెమో ఒరిజినల్స్ వాడి చేతిలో పెట్టాను. హాస్టల్లో ఉదయం ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా చదువు. దసరాకి ఇంటికొచ్చాడు, అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి కలిపి అలాగే వదిలేశాడు. తిరిగి వెళ్లనన్నాడు. సర్టిఫికెట్లు ఇవ్వమంటే రెండో ఏడాది ఫీజు కూడా కడితేనే అన్నారు. కట్టాను. మీ పెద్ద నాయనమ్మ గాజులు అలా వెళ్లాయి. వాడు బాగానే ఉన్నాడిప్పుడు, కానీ ఆ ఏడాది గురించి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం.

కాబట్టి ఎవరైనా "సీటు రిజర్వు చేస్తాం, ఐదు వేలు అడ్వాన్సు" అని వస్తే, మంచినీళ్లిచ్చి పంపించెయ్యండి. మీ అమ్మ మొహమాటపడుతుంది, నువ్వు పడకు. ఎక్కడ చేరేదీ ఖాయమయ్యేదాకా ఒరిజినల్స్ బీరువాలోంచి బయటికి రాకూడదు, జిరాక్సులు ఇవ్వండి. ఒక్కొక్కటి పది కాపీలు తీయించు. మెమో డిజీలాకర్‌లో కూడా ఉంటుంది.

మార్కులు తగ్గితే ఏమవుతుందని నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నా. తప్పినా అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు. నా రిజిస్టర్లలో సప్లీ రాసి పాసైనవాళ్లలో ఇప్పుడు మన మండలంలోనే టీచర్లున్నారు.

సంక్రాంతికి అందరూ వస్తారుగా. భోగి రోజు మధ్యాహ్నం, పేకాట మొదలెట్టకముందే మీ నాన్ననీ అమ్మనీ కూర్చోబెడదాం. ఒక కాగితం మీద నువ్వే రాసుకురా: ఒకటోది, రెండోది, మూడోది ఏం కావాలో. మూడూ నీవే అయ్యుండాలి, మావి కాదు. నూజివీడు వెళ్లొచ్చి, పాలిటెక్నిక్ కూడా చూసి రాస్తే ఇంకా మంచిది. మీ నాన్న ఏమన్నా అంటే నేను చూసుకుంటా, వాడి టీసీ రాసింది కూడా నేనే.

వచ్చేటప్పుడు పాస్‌పోర్టు సైజు ఫొటోలు పన్నెండు తీయించుకు రా. నుదుటి మీద జుట్టు పడకుండా, చెవులు కనపడేలా.

ఉంటాను,
మీ పెద తాతయ్య