గోటీతో మేజ్: జట్టంతా చెయ్యి వేసేలా

ప్రశ్న: మా కాలేజీ ఉత్సవాల్లో ఆరుగురేసి ఉండే జట్లకు పజిల్ హంట్ పెడుతున్నాం. పోయినసారి మేజ్ (దారి వెతికే చిక్కుదారుల ఆట) కాగితం మీద అచ్చేసి ఇచ్చాం. ఒకడు పెన్సిల్ తీసుకుని గీసేశాడు, తక్కిన ఐదుగురు వాని భుజం మీది నుంచి తొంగి చూసుడే అయింది. ఈసారి చేతులతో ఆడే మేజ్ చెయ్యాలని ఉంది. ఎట్ల చెయ్యాలి?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: కంటికి కనిపించే మేజ్‌ను చెక్కతో చేసి, లోపల గోటీ (గోళీ) దొర్లించమన్నా అదే జరుగుతుంది. పైనుంచి చూస్తూ వేలితో దారి పట్టేస్తారు, గోటీ ఉత్త అలంకారమైపోతుంది. అందుకే గోడల మీద మూత వెయ్యండి. మూతకు అక్కడక్కడ కిటికీలు పెట్టండి. గోటీ ఎటు పోయిందో చప్పుడును బట్టి, కిటికీలో కనబడ్డప్పుడు చూసి తెలుసుకోవాలి.

కొలతలు ఇవి. 16 అంగుళాల చదరం, 12 మి.మీ. ప్లైవుడ్. 6 మి.మీ.ది చవక, కానీ రెండు రోజుల్లో వంగుతుంది, గోటీ ఎప్పుడూ ఒకే మూలకు జారుతుంది. దాని మీద ఏడు అడ్డం, ఏడు నిలువు గళ్లు. సందు వెడల్పు 40 మి.మీ., గోడకు 12 మి.మీ. మందం బీడింగ్ (సన్నటి చెక్కపట్టీ). మొత్తం 376 మి.మీ. అవుతుంది, చుట్టూ 15 మి.మీ. అంచు మిగులుతుంది. పదకొండు గళ్లు పెట్టాలని మనసు లాగుతుంది. వద్దు. మూత కింద ఏడే బోలెడు.

గోడ ఎత్తు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. మామూలు గాజు గోటీ అడ్డకొలత 16 మి.మీ. దాకా ఉంటుంది. అరంగుళం ఎత్తు బీడింగ్ వేసి మూత బిగిస్తే గోటీ కదలనే కదలదు. ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. ఎత్తు కావాలి. గోటీలు అన్నీ ఒక్క సైజు ఉండవు కాబట్టి అట్టముక్కకు 17 మి.మీ. బెజ్జం చేసి, అందులోంచి దూరినవే వాడండి. బీడింగ్ ఎంత పడుతుందంటే: చుట్టుగోడకు మీటరున్నర, లోపల 36 ముక్కలకు ఇంచుమించు 1.9 మీటర్లు. కోతలో పోయేది కలుపుకుని 14 అడుగులు తెచ్చుకోండి. ఈ 36 లెక్క, ఏ గడి నుంచి ఏ గడికైనా ఒక్కటే దారి ఉండే మేజ్‌కు. మొదటిసారి చేసేవాళ్లకు అదే మేలు.

గోటీ నడిగడిలో మొదలై అంచునున్న గేటు గుండా బయటికి రావాలి. తప్పుదారి చివర 20 మి.మీ. రంధ్రం పెట్టండి. గోటీ కింద పరిచిన దుప్పటి మీద పడుతుంది, దారి తప్పామని జట్టుకు వెంటనే తెలుస్తుంది. సరైన దారిలో మాత్రం రంధ్రం పెట్టకండి. 40 మి.మీ. సందులో ఒక గోడకు ఆనించి పెట్టినా గోటీ నడిబొడ్డు దాటడానికి మిగిలేది 12 మి.మీ. జాగానే. చూస్తూ ఆడేవాళ్లకు అది సరదా, చూడకుండా ఆడేవాళ్లకు శిక్ష.

ఇక నలుగురి చేతుల సంగతి. స్టూలు మీద పాత గుడ్డతో చుట్టకుదురు, దాంట్లో టెన్నిస్ బంతి, బంతి మీద మేజ్ పలక. పలక అడుగున బంతి జారకుండా బీడింగ్‌తో చిన్న చట్రం కొట్టండి. నాలుగు మూలలకు కొక్కేలు, ఒక్కోదానికి మీటరు నైలాన్ తాడు. ఒకరు కిందికి గుంజితే ఎదురు మూలవాళ్లు వదలాలి, లేకుంటే పలక కదలదు. మూల రెండున్నర సెంటీమీటర్లు దిగితే చాలు. ఇంకా వంచితే గోటీ ఉరికి ఏ సందులో పడిందో ఎవరికీ అంతుపట్టదు. ఐదో మనిషి చెవి పెట్టి దారి చెప్పాలి, ఆరో మనిషి ఖాళీ గళ్ల కాగితం మీద గీసుకోవాలి.

చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి. పలక నాలుగు పక్కల ఊర్ల పేర్లు రాయండి: మోత్కూరు, సూర్యాపేట, సాగర్, చండూరు. నల్లగొండ నుంచి ఇంచుమించు ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర. “సాగర్ దిక్కు వంచు” అంటే గొడవే లేదు.

కిటికీలు ఎనిమిది, ఒక్కోటి 25 మి.మీ. గుండ్రం: సరైన దారిలో నాలుగు, తప్పుదార్లలో నాలుగు. వాటికి అక్షరాలు కాదు, అంకెలు వెయ్యండి. గోటీ గేటు దాటాక నాలుగు అంకెలు వరసగా రాసిచ్చిన జట్టుకే, ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే చీటీ. ఆ అక్షరాలతో వచ్చే జవాబు మాటను చూసి ఎంచుకోవాలి. ‘పానగల్లు’లో ‘ల్లు’ ఒక్కటి దొరికితే మిగతాది ఊహిస్తారు. ‘రాచకొండ’లో ‘కొండ’ కనబడగానే ఉన్న కొండలన్నీ వరసబెట్టి చెప్తారు. ‘సోమశిల’ బాగుంటుంది: వత్తులు లేవు, నాలుగే అక్షరాలు. అయితే చీటీలో ‘వా’, ‘రం’ ఉంచకండి, సోమవారమని రాసిచ్చి వాదనకు దిగుతారు.

ప్రశ్న: ఇట్లాంటిదే చేశాం. గోటీ ఒకేచోట ఆగిపోతోంది. మూత తీస్తే దారి బయటపడుతుంది.
– ఒక టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: నూటికి తొంభైపాళ్లు గోడ అడుగున పొంగి ఎండిన ఫెవికాల్ అయ్యుంటుంది. అతికించిన పది నిమిషాల్లోపే తడిగుడ్డతో తుడవాల్సింది. ఇప్పుడు ఉలితో గీకి గరుకు కాగితం పట్టండి. ఈసారి మూతను అతికించకుండా ఆరు స్క్రూలతో బిగించండి, గోడలన్నీ అయ్యాక మూత లేకుండా ప్రతి సందులో గోటీ దొర్లించి చూడండి. ఆట మధ్యలో ఆగితే మూత తియ్యక్కర్లేదు. నిర్వాహకులే పలకను ఎత్తి, గోటీ ఏదో ఒక రంధ్రంలోంచి పడేదాకా అటూ ఇటూ వంచాలి. జట్టు అటు తిరిగి నిలబడితే చాలు.

ప్రశ్న: పన్నెండు జట్లు. పలకలు ఎన్ని కావాలి?
– ఒక నిర్వాహకుడు, వనపర్తి

జవాబు: రెండు. జట్టుకు 15 నిమిషాలు, సర్దుకోవడానికి మూడు. ఒక్కో పలకకు ఆరు జట్లంటే 108 నిమిషాలు. రెండు పలకల్లో దారి ఒక్కటే ఉండాలి, గోటీలు ఒకే పొట్లంలోవి ఉండాలి, లేకుంటే ఫిర్యాదులు తప్పవు. ముందుగా ఏమీ తెలియని ఆరుగురితో ఆడించి చూడండి. పదో నిమిషానికి ఒక్క అంకె కూడా దొరకకపోతే మొదటి మలుపు చెప్పెయ్యండి.