గిరిజన ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువా, కట్టుబాట్లు ఎక్కువా?

"గిరిజన ఆడవాళ్లకు మనకంటే స్వేచ్ఛ ఎక్కువంటారు, నిజమేనా, లేక దేవుడి పేరుతో కట్టడి చేస్తారా?" అని అడిగారు. అందరికీ కలిపి ఒకే జవాబు కుదరదండి, కొలాముల పద్ధతి వేరు, లంబాడాలది వేరు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో ఆరేళ్లు టీచరుగా చేశాను కాబట్టి అక్కడి గోండుల గురించి చూసినంత చెప్తాను.

వెళ్లిన ఏడాదే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర చూశాను. గోండుల్లో మెస్రం వంశస్థులు నాగోబా అనే నాగదేవతకు చేసే పూజ అది. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను నాగోబాకు చూపించే 'భేటింగ్' అక్కడే జరుగుతుంది. తెల్ల చీరలు కట్టుకుని, ముఖాల మీద ముసుగులు వేసుకుని వరసగా నడుస్తున్నారు. పెళ్లయి ఎన్నాళ్లయినా సరే, భేటింగ్ కాకపోతే ఆ కోడలు వంశంలో పూర్తిగా కలిసినట్టు కాదట. అయ్యో పాపం అనిపించి పక్కనున్న పెద్దామెతో అదే అన్నాను. "నీ పెండ్లికి ఇంటిపేరు మారింది కదా టీచరమ్మా, నిన్నెవరన్నా అడిగిండ్రా? మమ్మల్ని దేవుడే పిలిచి చూసుకుంటడు" అంది. నా దగ్గర జవాబు లేదు.

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే అక్కడ తప్పుగా చూడరు. పాత పద్ధతిలో డబ్బు ఇచ్చేది కూడా పిల్లాడి వైపు వాళ్లే. ఇప్పుడిప్పుడే కట్నం మొదలైంది, అది మన దగ్గర నేర్చుకున్నదే.

అసలు చిక్కు భూమి దగ్గర. నాగోబా పూజలో మట్టితో పుట్ట చేసే పని ఆ వంశపు ఆడపడుచులది, వాళ్లు లేకుండా ఆ తంతు జరగదు. కానీ నాన్న భూమి పంచేటప్పుడు ఆ ఆడపడుచులే గుర్తురారు, ఎందుకంటే పెళ్లితో వాళ్లు వేరే వంశం, వేరే దేవుడి మనుషులు అయిపోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కాబట్టి కోర్టుకు వెళ్లినా ముందు ఆచారం మీదే వాదన. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా ఉండదనే ఆచారం రుజువు కానప్పుడు సమాన వాటా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది.

మా స్కూల్లో వంట చేసే ఆమెకు ఈ సంగతి ఫోన్ చేసి మరీ చెప్పాను. అంతా విని, "అన్నతో కొట్లాడి భూమి తెచ్చుకుంటే, మళ్ల దండారి పండుగకు పుట్టింటికి ఏ మొహంతో పోవాలె?" అంది. అయినా ఆ తీర్పు కాగితం ఒకటి పంపమని అడిగింది, పంపాను.